పేపరు, గ్రూపు, మన ఊరి వార్త: తరచుగా అడిగే ప్రశ్నలు

టెక్కలి చుట్టుపక్కల 18 ఏళ్లు ఒక పేపరుకి మండల విలేకరిగా, అంటే కంట్రిబ్యూటర్‌గా పనిచేశాను. 2019లో మానేశాను. ఇప్పుడు మండలం వార్తలు పెట్టే వాట్సాప్ గ్రూపు ఒకటి నడుపుతున్నాను. పెళ్లికి వెళ్లినా, దినానికి వెళ్లినా ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఈ ప్రశ్నలే అడుగుతారు. ప్రతిసారీ మొదటినుంచీ చెప్పే ఓపిక లేక ఒకచోట రాసిపెడుతున్నాను. శ్రీకాకుళం, విజయనగరం సంగతులే ఎక్కువ ఉంటాయి. నేను తిరిగింది ఇక్కడే మరి.

పేపరు ఇంకెన్నాళ్లు ఉంటుంది?

మా వీధి టీ కొట్టుకి ఒకప్పుడు మూడు పేపర్లు వచ్చేవి. ఇప్పుడు ఒకటే. అది కూడా పకోడీలు కట్టడానికి పనికొస్తుందని వేయించుకుంటున్నానంటాడు కొట్టాయన. నవ్వుతూనే అంటాడు గానీ నెల బిల్లు కట్టేటప్పుడు ఆ నవ్వు ఉండదు.

కాగితం పోతుందని నాకు పెద్ద బెంగ లేదు. పొద్దున్నే పేపరు చదవడం మన ప్రాంతానికి అంత పాత అలవాటేం కాదు. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలయ్యేదాకా విజయవాడలో అచ్చయిన పేపరు విశాఖకే మధ్యాహ్నానికి చేరేది. ఇక ఇచ్ఛాపురం సంగతి మీరే ఊహించుకోండి. 1989లో జిల్లా అనుబంధాలు వచ్చాక అసలు మార్పు మొదలైంది. చిన్న సైజు పేజీలు, నిండా మన జిల్లా వార్తలే. ఆ పేజీలు నింపడానికి మండలానికో విలేకరి కావాల్సివచ్చాడు. బోరు పాడైనా, బడి గోడ కూలినా, రేషను బియ్యం తక్కువ తూగినా అచ్చులో చూసుకునే వీలు అప్పుడే మొదటిసారి దొరికింది జనానికి.

నా బెంగంతా ఆ పేజీ గురించే. 2020 లాక్‌డౌన్‌లో పేజీలు తగ్గాయి. తగ్గినవన్నీ తిరిగి రాలేదు. దాని తర్వాత 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. బట్టల కొట్టుకి శ్రీకాకుళం వచ్చే పాలకొండ ఆయనకి ఇప్పుడు ఇంటికొచ్చే పేజీలో పార్వతీపురం వార్తలు ఉంటాయి. చిన్న విషయమేగానీ, పేపరు మానేయడానికి ఇలాంటి చిన్న విషయాలే సరిపోతాయి.

గ్రూపులో అన్నీ ముందే వచ్చేస్తున్నాయి కదా, ఇంక విలేకరి ఎందుకు?

ముందే వస్తున్నాయి, నిజమే. ఏం వస్తుందో కూడా చూద్దాం.

వంశధారకి వరద వచ్చిన ప్రతిసారీ ఒక వాయిస్ మెసేజ్ తిరుగుతుంది. "ఒరే, గొట్టా గేట్లన్నీ ఎత్తేసినారట, ఊళ్లు ములిగిపోతన్నాయట, పిల్లల్ని తీసుకుని ఎలిపోండి." గొంతు నిండా భయమే. ఆ మనిషి అబద్ధం చెప్పడం లేదు, ఎవరో అంటే నమ్మాడు. అయితే ఆ మెసేజ్ విన్న జలుమూరు ఆవిడకి ఏం తెలిసింది? ఏ రోజు సంగతి అది, ఎన్ని గేట్లు, నీళ్లు తన ఊరికి ఎప్పటికి చేరతాయి, అసలు చేరతాయా అన్నవి ఒక్కటీ తెలియలేదు.

అదే పని మీద ఉన్న విలేకరైతే ముందు పైన ఒడిశాలోని కాశీనగర్ దగ్గర నది మట్టం ఎంతుందో చూస్తాడు. వంశధార ఒడిశాలో పుట్టి వస్తుంది, అక్కడి వానే మనకి వరద. తర్వాత హిరమండలంలో గొట్టా బ్యారేజీ ఇంజనీరుకి ఫోన్ చేస్తాడు. ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారు, మొదటి హెచ్చరికా రెండోదా, కింద నరసన్నపేట, పోలాకి వైపు ఏయే ఊళ్లకి దండోరా వేయించారు అని అడుగుతాడు. తహసీల్దారుని కూడా అడుగుతాడు, ఇంజనీరు చెప్పింది ఆయన చెప్పిన దానితో కలుస్తుందో లేదోనని. తర్వాత నాలుగు లైన్లు రాస్తాడు. ఆ నాలుగు లైన్లకి గంటన్నర పడుతుంది. ఈలోపు వాయిస్ మెసేజ్ దుబాయ్ దాకా వెళ్లి తిరిగొచ్చేస్తుంది.

రేపు ఆ నాలుగు లైన్లు తప్పని తేలితే ఆ విలేకరి ఇంటి ముందుకెళ్లి అడగొచ్చు. అడుగుతారు కూడా. నన్ను అడిగారు. వాయిస్ మెసేజ్ పెట్టినవాడి ఇల్లు ఎక్కడో ఎవరికి తెలుసు?

అంటే గ్రూపులు దండగంటారా?

అలా అంటే నా కాళ్లు నేనే నరుక్కున్నట్టు. గ్రూపు చేసే పనులు కొన్ని పేపరు ఏనాడూ చేయలేదు.

రక్తం కావాలని రాత్రి 11 గంటలకి పెడితే పావుగంటలో ఇద్దరు బయల్దేరడం చూశాను. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలో డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు ఏ ఆస్పత్రిలో ఏ పూట ఖాళీ ఉందో ఒకరికొకరు చెప్పుకుంటారు. తప్పిపోయిన ముసలాయన ఫొటో బస్టాండు నుంచి బస్టాండుకి పరుగెడుతుంది.

మన రెండు జిల్లాలూ వలస జిల్లాలు. ఇళ్లు ఇక్కడ, మనుషులు హైదరాబాదులో, చెన్నైలో, గల్ఫ్‌లో. ఎచ్చెర్ల వైపు మత్స్యకారులు చేపలవేటకి గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్తారు. 2018 చివర్లో వాళ్లలో కొందరు సముద్రంలో పాకిస్తాన్ వాళ్లకి చిక్కారు. 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. మధ్యలో ఏడాది పైన గడిచింది. మొదటి రోజుల తర్వాత అలాంటి వార్త పేపర్లో లోపలి పేజీకి పోతుంది, తర్వాత ఎప్పుడో గాని కనపడదు. ఇంట్లో ఎదురుచూసేవాళ్లకి మాత్రం రోజూ అదే వార్త. ఆ ఎదురుచూపుని ఒకరితో ఒకరు పంచుకునే చోటు పేపర్లో లేదు, గ్రూపులో ఉంది.

కాబట్టి గ్రూపు వద్దని నేను ఎవరికీ చెప్పను. రచ్చబండ మీద విన్న మాటకి ఎంత విలువ ఇచ్చేవారో గ్రూపులో వచ్చిన దానికీ అంతే ఇవ్వండి అంటాను. రచ్చబండ దగ్గరైతే చెప్పేవాడి మొహం చూసి సగం తీసేసేవాళ్లం. ఫోన్లో మొహం కనపడదు కదా.

వచ్చిన వీడియో నిజమో కాదో మాలాంటివాళ్లు ఎలా కనిపెట్టాలి?

దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. నేను చేసేవి చెప్తాను.

ముందు మెసేజ్ పైన బాణం గుర్తులు చూస్తాను. రెండు బాణాలు, "చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడింది" అని ఉంటే, అది మన ఊళ్లో పుట్టిన సంగతి కాకపోవడానికే అవకాశం ఎక్కువ. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లతో దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదుగురికి మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి రెండు బాణాలు ఉన్నదాన్ని ఒకసారికి ఒక్కరికే పంపగలం. పుకారు ఆగలేదు, కాస్త నడక తగ్గిందంతే.

తర్వాత వీడియోలో బండి నంబర్లు చూస్తాను. ఏపీ 30 అంటే శ్రీకాకుళం, ఏపీ 35 అంటే విజయనగరం. 2019 నుంచి కొత్త బండ్లకి రాష్ట్రమంతా ఏపీ 39 ఇవ్వడం మొదలుపెట్టారు కాబట్టి ఇప్పుడు ఇది పూర్తిగా తేల్చదు. కానీ "పైడితల్లమ్మ జాతరలో తొక్కిసలాట" అని వచ్చిన వీడియోలో బండ్లన్నీ ఎంహెచ్ నంబర్లతో ఉంటే ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు. అలాగే కొట్ల బోర్డులు ఏ భాషలో ఉన్నాయి, ఆర్టీసీ బస్సు మీద ఏ డిపో పేరుంది, ఆడవాళ్లు చీర ఎలా కట్టుకున్నారు అని చూడండి. మన అమ్మమ్మలు ఇవన్నీ టీవీ చూస్తూనే చెప్పేస్తారు.

వీడియో ఆపి, ఒక బొమ్మ తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే పాతదైతే చాలాసార్లు దొరికిపోతుంది. ఫ్యాక్ట్‌లీ లాంటి సంస్థలు తెలుగులోనే నిజనిర్ధారణ కథనాలు ఇస్తున్నాయి, అక్కడ కూడా చూడొచ్చు.

వీటన్నిటికన్నా గట్టి పద్ధతి చుట్టరికం. బొబ్బిలిలో ఏదో జరిగిందని వస్తే బొబ్బిలిలో మీ మేనత్త ఉంటుంది కదా, ఫోన్ చేయండి. "ఏటత్తా, ఏటయింది అక్కడ?" అని అడిగితే నిమిషంలో తేలిపోతుంది. మన రెండు జిల్లాల్లో చుట్టం లేని ఊరు దొరకడం కష్టం.

తుపాను వచ్చినప్పుడు దేన్ని నమ్మాలి?

వాతావరణ శాఖ బులెటిన్‌ని, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ చెప్పేదాన్ని. నంబర్లు 112, 1070, 18004250101. ఇవి ఇప్పుడే ఫోన్లో వేసుకోండి, గాలి మొదలయ్యాక కాదు. కళింగపట్నం ఓడరేవులో ఎగరేసే హెచ్చరిక నంబరు ఓడలకోసం పెట్టింది. "పదో నంబరు అంట" అని పెట్టేసి ఊరుకుంటే వినేవాళ్లకి భయమే తప్ప కబురు ఉండదు.

ఒక సంగతి చెప్తాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి కరెంటు లేదు, సిగ్నల్ లేదు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకి పడుకున్నాయి. అంతవరకూ క్షణానికో మెసేజ్ వచ్చిన గ్రూపులన్నీ ఊళ్లోవాళ్లకి ఆగిపోయాయి. బయట ఉన్నవాళ్లకి మాత్రం ఆగలేదు. లోపలినుంచి ఏ కబురూ లేక, ఆ ఖాళీలో ఎక్కడెక్కడి పాత వీడియోలన్నీ తిరిగాయి.

ఆ రెండు రోజులు నేను మోటారుసైకిలు మీద, పడిన చెట్ల మధ్య సందు దొరికినంత దూరం వెళ్లి, దొరకనిచోట బండి వదిలి నడిచి, ఊరి పేరు, కూలిన ఇళ్లు, మనుషులు క్షేమమా కాదా అని నోట్‌బుక్కులో రాసుకున్నాను. సిగ్నల్ దొరికేచోటికి వచ్చి, పేపరు ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కుకి చదివి వినిపించేవాణ్ణి. నా నంబరు ఎలా దొరికిందో తెలియదు, ఒకాయన హైదరాబాదు నుంచి చేసి, "బావూ, మా ఊరెళ్లారా, మా అమ్మ ఇంటిమీద రేకులున్నాయా?" అన్నారు. రేకులు లేవు. వాళ్లమ్మ పక్కింట్లో గంజి తాగుతూ కనపడింది. ఆ మాటే చెప్పాను. ఆయన ఫోన్లోనే ఏడ్చేశారు.

బ్యాటరీ రేడియో ఒకటి కొనుక్కోండి. నవ్వకండి.

నేను ఊరి గ్రూపుకి అడ్మిన్‌ని. ఎవరో ఏదో పెడితే నన్ను లోపలేస్తారా?

వేరేవాళ్లు పెట్టినదానికి అడ్మిన్ అయిన కారణంగానే శిక్ష పడదు. 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు ఈ మాటే చెప్పాయి. మెసేజ్‌లకి అరెస్టులు చేయడానికి వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అంతమాత్రాన ధీమాగా ఉండకండి. మీరే పుకారు పెట్టినా, తెలిసి ఎగదోసినా భారతీయ న్యాయ సంహితలో 353, పరువు నష్టానికైతే 356 సెక్షన్లు ఉన్నాయి. పోలీస్ స్టేషన్‌కి పిలిస్తే వచ్చే టెన్షన్‌కి ఏ హైకోర్టు తీర్పూ అడ్డురాదు. అది కూడా లెక్కలో ఉంచుకోండి.

మా గ్రూపులో కట్టుబాట్లు నాలుగే. శవం ఫొటో పెట్టకూడదు. ఆడపిల్లల మీద, పిల్లల మీద అఘాయిత్యం జరిగితే పేరు, ఊరు, బడి, ఇంటి ఫొటో ఏదీ పెట్టకూడదు. ఇది చట్టం కూడా, పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సోలో స్పష్టంగా ఉంది. మన ఊళ్లలో "ఫలానా వీధిలో ఫలానా వాళ్ల పక్కిల్లు" అంటే పేరు చెప్పినట్టే కాబట్టి అదీ కుదరదు. "అంట", "అట" అని ముగిసే మెసేజ్ ఎవరు అన్నారో చెప్పాకే ఉంచుతాం. తప్పు పెట్టినవాళ్లు చెరిపేసి ఊరుకోకూడదు, తప్పని అదే గ్రూపులో రాయాలి. నాలుగోది అమలు చేయడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఇద్దరు మాట్లాడ్డం మానేశారు, అందులో ఒకరు మా బావమరిది.

యూట్యూబ్ ఛానల్ పెట్టి మైకు కొనుక్కుంటే విలేకరినేనా? లైసెన్స్ కావాలా?

లైసెన్స్ అక్కర్లేదు. అచ్చు పత్రిక పెట్టాలంటేనే ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ దగ్గర నమోదు చేయించాలి. 1867 నాటి చట్టం పోయి, 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1న అమల్లోకి వచ్చింది. ఆన్‌లైన్‌లో వార్తలు ఇచ్చేవాళ్లకి 2021 ఐటీ నిబంధనలు వర్తిస్తాయి. ఫిర్యాదులు చూసే మనిషి ఒకరు ఉండాలి, 15 రోజుల్లో తేల్చాలి. అక్రిడిటేషన్ అనేది సమాచార శాఖ ఇచ్చే కార్డు, బస్సు పాసులాంటి సౌకర్యాలకోసం. అది ఉంటేనే విలేకరి అని ఎక్కడా లేదు. బండికి ప్రెస్ అని స్టిక్కరు వేసుకోవడానికైతే ఏ కార్డూ అక్కర్లేదని రోడ్డు మీద చూస్తే తెలుస్తుంది.

ఫోన్‌తో మంచి పని చేస్తున్న కుర్రాళ్లు ఉన్నారు. ఏజెన్సీలో డోలీ మోతల్ని ఎక్కువగా బయటపెట్టింది ఫోన్ వీడియోలే. గర్భిణిని కర్రకి కట్టి మోసుకొస్తుంటే తీసిన 30 సెకన్లు మేం రాసిన ఇరవై వార్తలకన్నా గట్టిగా పనిచేశాయి. ఒప్పుకోవాలి.

ఇంకో రకం కూడా ఉంది. ఇల్లు కట్టుకునేవాడి దగ్గరికి మైకుతో వచ్చి, "ప్లాన్ అప్రూవల్ ఉందా?" అని అడిగి, సాయంత్రం ఫోన్ చేసి, "వీడియో వేయమంటారా, ఆపమంటారా?" అంటారు. దానికి పేరు బెదిరింపు. డబ్బు ఇవ్వకండి, ఫోన్ రికార్డు చేసుకుని పోలీసుల దగ్గరికి వెళ్లండి. ఈ రోగం యూట్యూబ్‌తో పుట్టిందనుకోకండి. పేపర్లోనూ ఉండేది, కాస్త మర్యాదగా ఉండేది.

విలేకరులకి జీతం ఎంత వస్తుంది?

అందరూ తప్పకుండా అడిగేది ఇదే. నమ్మనిదీ ఇదే.

స్టాఫ్ రిపోర్టరుకి జీతం ఉంటుంది. మండలాల్లో తిరిగే మాలాంటి కంట్రిబ్యూటర్లకి ఉండేది లైన్ ఎకౌంటు. అచ్చయిన వార్తల్ని కత్తిరించి, స్కేలుతో కొలిచి, తెల్ల కాగితాల మీద అంటించి నెలాఖరుకి పంపితే ఆ కొలత లెక్కన డబ్బులు. నాకు వచ్చింది పెట్రోలుకి చాలేది కాదు. ఇంటిదగ్గర జిరాక్స్ మిషను ఉండబట్టి బతికాను.

దాని మీద యాడ్ టార్గెట్. ఆగస్టు 15, జనవరి 26, సంక్రాంతి, నాయకుల పుట్టినరోజులు. ఒక ఏడాది ఒక మిల్లులో ధాన్యం తూకాల్లో తేడా ఉందని వార్త రాశాను. రైతులు సంతోషించారు. మూడు వారాల తర్వాత సంక్రాంతి ప్రకటనకి ఆ మిల్లు యజమాని దగ్గరికే వెళ్లాల్సివచ్చింది. మండలంలో ప్రకటన ఇచ్చే స్తోమత ఉన్నవాళ్లు పదిమంది, వాళ్లలో ఆయన ఒకరు. ఆయన కోపం చేసుకోలేదు. కుర్చీ వేసి, టీ ఇప్పించి, "రాయి బాబూ, నీ పని నువ్వు చెయ్. ప్రకటన కూడా ఇస్తాను. రెండూ పక్కపక్కనే వేయించుకో" అన్నారు. ప్రకటన తెచ్చుకున్నాను. తూకాల మీద ఫాలో అప్ రాయలేదు. రాయొద్దని ఎవరూ చెప్పలేదు, ఆ టీ గుర్తొచ్చి నేనే రాయలేదు.

డిజిటల్ వచ్చి పత్రికావృత్తిని పాడుచేసిందని సభల్లో మాట్లాడేవాళ్లని చూస్తే నాకు ఈ మిల్లు గుర్తొస్తుంది. మా పని అంతకుముందే బలహీనంగా ఉంది. ఫోన్ వచ్చి తోసింది, పడింది.

మరి ముందుముందు డబ్బులు ఎక్కడినుంచి వస్తాయి?

ఒకప్పుడు పేపరుకి వెళ్లే ప్రకటన ఇప్పుడు గూగుల్‌కి, ఫేస్‌బుక్‌కి వెళ్తోంది. స్కూల్ అడ్మిషన్లు, స్థలాల అమ్మకాలు అన్నీ. భోగాపురం విమానాశ్రయం చుట్టూ ప్లాట్ల ప్రకటనలు మీ ఫోన్లో ఎన్ని వస్తున్నాయో చూసుకోండి. అదే పదిహేనేళ్ల కిందట అయితే అవన్నీ జిల్లా పేజీలో ఉండేవి, ఆ డబ్బులో పిసరంత విలేకరి దాకా వచ్చేది.

ఆ కంపెనీల చేత పత్రికలకి వాటా ఇప్పించాలని ఆస్ట్రేలియా 2021లో చట్టం చేసింది. కెనడా కూడా చేస్తే, మెటా 2023 ఆగస్టు నుంచి అక్కడ ఫేస్‌బుక్‌లో వార్తలే కనపడకుండా ఆపేసింది. మన దేశంలో పత్రికల ఫిర్యాదు మీద 2022 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ గూగుల్ మీద విచారణకి ఆదేశించింది. అటునుంచి డబ్బు వచ్చినా పెద్ద సంస్థల దగ్గరే ఆగుతుందని నా అనుమానం. మందస కంట్రిబ్యూటరు దాకా రావాలంటే చాలా చేతులు మారాలి.

నాకు కాస్త ఆశ కలిగించేది వేరే ఉంది. ఉత్తరప్రదేశ్‌లో చిత్రకూట్ దగ్గర 2002లో పల్లెటూరి ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులు, ఖబర్ లహరియా అని పత్రిక మొదలుపెట్టారు. తర్వాత వీడియోల్లోకి మారి ఇంకా నడుపుతున్నారు. మాది అంత గొప్పది కాదు. మా గ్రూపుకి ఏడాదికి 120 రూపాయలు, ఇష్టమైతేనే. ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఊళ్లో లేనివాళ్లు. ఊళ్లో ఉన్నవాళ్లకి వార్త వీధిలో దొరుకుతుంది, బయట ఉన్నవాళ్లకి నమ్మకమైన కబురు కావాలి. ఆ డబ్బుతో డిగ్రీ చదివిన ఒక అమ్మాయి వారానికి రెండుసార్లు మండల ఆఫీసుకి, పీహెచ్‌సీకి వెళ్లి వస్తుంది. ఇచ్చేది పెట్రోలు ఖర్చే, జీతం అనడానికి నాకు నోరు రాదు. లైన్ ఎకౌంటు గుర్తొస్తుంది.

గ్రూపు చేయలేని పని ఒకటి చెప్పండి అంటే?

ఒకే విషయాన్ని ఏళ్లతరబడి పట్టుకోవడం.

ఉద్దానం కిడ్నీ జబ్బు చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ మండలాల్లో మనుషులు ఎందుకు ఇలా అయిపోతున్నారో ఇప్పటికీ కచ్చితమైన కారణం తేలలేదు. నీళ్లని కొందరు, ఎండలో పనని కొందరు, పురుగుమందులని కొందరు అన్నారు. స్థానిక విలేకరులు ఇరవై ఏళ్లపాటు రాసినదే రాశారు. "ఇంకా అదేనా?" అని డెస్కు విసుక్కున్నా రాశారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. దాని వెనక ఉద్యమాలు, డాక్టర్లు, ప్రభుత్వాలు, ఎన్నికలు అన్నీ ఉన్నాయి. ఆ పాత కత్తిరింపులు కూడా ఉన్నాయి. ఇప్పుడు అక్కడ పరికరాలు, డాక్టర్లు ఎంతవరకు ఉన్నారో నెలనెలా వెళ్లి చూడాలి. గ్రూపులో ఆ వార్త పెడితే కింద నమస్కారాల బొమ్మలు నలభై వస్తాయి, సాయంత్రానికి పైకి జరిగిపోతుంది.

పాత వార్తలు కావాలంటే ఎక్కడ దొరుకుతాయి?

ఫోన్లో దొరకవు. ఫోన్ మార్చినప్పుడల్లా మన ఊరి చరిత్ర కొంత పోతోంది. అచ్చు పేపర్లు లైబ్రరీల్లో కొన్ని ఉన్నాయి. పాత తెలుగు పత్రికల్ని ప్రెస్ అకాడమీ స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది. మీ ఊరి పేజీలో ఏదైనా రాస్తే ఆధారం అడుగుతారు. ఆ ఆధారం ఎక్కువగా ఏదో ఒకనాటి జిల్లా పేజీ వార్తే అయి ఉంటుంది. మా గ్రూపులో పెట్టినవి నెలకోసారి ప్రింటు తీసి ఫైలు కడుతున్నాను. జిరాక్స్ మిషను ఇప్పటికీ అక్కరకొస్తోంది.

మన యాసలో వార్త రాస్తే తప్పా?

తప్పని ఇక్కడ పుట్టినవాళ్లు అనకూడదు. గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది వంశధార ఒడ్డున శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. వాడుక భాష కోసం 1919లో 'తెలుగు' అనే పత్రికే పెట్టారు. గురజాడ విజయనగరంలో కన్యాశుల్కం ఆడించింది 1892లో. అంత జరిగినా మా డెస్కు "ఏటి" అని వస్తే "ఏమిటి" అని దిద్దేది. ముసలామె చెప్పిన మాట అచ్చులో ఆవిడది కాకుండా పోయేది. ఈ విషయంలో వాయిస్ మెసేజ్ పేపరుని గెలిచింది.

సీతంపేట వైపు సవర గిరిజనులకి ఆ పాటి కూడా లేదు. గిడుగు సవర భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాశారు గానీ ఆ భాషలో రోజువారీ వార్త ఎవరిస్తున్నారు? ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో 2010లో మొదలైన సీజీనెట్ స్వరలో అడవిలో మనిషి మామూలు ఫోన్ చేసి, తన మాటలో కబురు చెప్తే మిగతావాళ్లు ఫోన్ చేసి వినేవారు. అలాంటిది మన ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఊళ్లకి ఎందుకు పెట్టకూడదని నేను చాలామందిని అడిగాను. తల ఊపారు.

ఏఐ రాసేస్తుంది కదా, ఇక మనుషులెందుకు?

కలెక్టరేట్ నుంచి వచ్చే ప్రెస్ నోటుని వార్తగా మార్చే పనైతే అది చేసేస్తుంది. ఆ పని మేమూ నిద్రలోనే చేసేవాళ్లం. నేనూ వాడుతున్నాను, పెద్ద రిపోర్టు చదవాల్సినప్పుడు. ఒకసారి కొత్తూరు గురించి అడిగితే మన కొత్తూరుని తీసుకెళ్లి తెలంగాణ కొత్తూరులో కలిపేసింది. భాష మాత్రం చక్కగా ఉంది, అదే భయం. ఇక గొంతులు, మొహాలు. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న మొహం అతికించిన నకిలీ వీడియో దేశమంతా తిరిగింది. రేపు ఎన్నికలప్పుడు మీ సర్పంచి గొంతుతో ఒక వాయిస్ వస్తే ఏం చేస్తారు? మేనత్తకి ఫోన్ చేయండి.

నా గురించి తప్పు రాశారు. ఎవరికి చెప్పుకోవాలి?

ముందు ఎడిటరుకి రాతపూర్వకంగా ఖండన పంపండి, నకలు ఉంచుకోండి. వేయకపోతే ప్రెస్ కౌన్సిల్‌కి రాయొచ్చు. అది అచ్చు పత్రికల మీద ఫిర్యాదులు తీసుకుంటుంది, మందలించగలదు, జరిమానా వేసే అధికారం దానికి లేదు. వెబ్‌సైటయితే ముందే చెప్పిన ఫిర్యాదుల అధికారి. డబ్బు పోయిన సైబర్ మోసమైతే ఇవేమీ కాదు, వెంటనే 1930.

విలేకరి కానివాళ్లు కూడా ఆఫీసులో కాగితాలు అడగొచ్చా?

అడగొచ్చు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకి గడువు 30 రోజులు. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం ఈ హక్కులో ఒక సెక్షన్‌ని మార్చింది. ఇకమీదట "ఇది ఫలానావారి వ్యక్తిగత సమాచారం" అని తిప్పి పంపడం ఎక్కువవుతుందని నా భయం. ఉపాధి హామీ మస్టరు రోల్ కోసం అడిగి చూడండి, మీకే తెలుస్తుంది.

మా అబ్బాయి జర్నలిజం చదువుతానంటున్నాడు. పంపమంటారా?

ముందే ఫీజు కట్టకండి. ఈసారి మండల సర్వసభ్య సమావేశం ఎప్పుడో కనుక్కుని ఆ రోజు పంపించండి. మూడు గంటలు పడుతుంది, ఫ్యాన్ తిరగకపోవచ్చు. ఇంటికొచ్చాక ఏం జరిగిందో పది లైన్లు రాయమనండి. ఎమ్మెల్యే ఏమన్నారో అందరూ రాస్తారు. తాగునీటి పైపు గురించి లేచి అడిగి, జవాబు రాక కూర్చుండిపోయిన ఎంపీటీసీ ఒకావిడ తప్పకుండా ఉంటుంది. ఆవిడ పేరు, ఊరు ఆ పది లైన్లలో ఉన్నాయేమో చూడండి. ఉంటే నాకు ఫోన్ చేయమనండి. పెట్రోలు డబ్బులు నేనిస్తాను.